లినక్స్‌లో మోడెం డయల్ చేస్తోంది గానీ నెట్ రావట్లేదు: పర్లాకిమిడి నుంచి ఒక మార్గదర్శి

"నిన్న రాత్రి దాకా బానే వచ్చింది బాబూ, ఇవాళ పొద్దున్నించి రావట్లేదు. నేనేం ముట్టుకోలేదు."

ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో కంప్యూటర్లు బాగుచేసే నాలాంటి వాడికి ఈ మాట రోజూ వినబడేదే. ఆ రోజు ఫోన్ చేసింది కాశీనగర్ దగ్గర ఒక ఊళ్లో ఉండే రిటైర్డ్ మాస్టారు. పాత డెస్క్‌టాప్, దాని మీద లినక్స్ మింట్, వెనక యూఎస్‌బీలో ఒక 3జీ డాంగిల్. ఊరి పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలు నింపి పెడుతుంటారు. నేను వెళ్లేసరికి ఆయన మేనల్లుడు అప్పటికే లినక్స్‌ని రెండుసార్లు మళ్లీ ఎక్కించాడు. అయినా నెట్ రాలేదు. లినక్స్ పాడవలేదు, కారణం వేరే. ఆ సంగతి టవర్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

సిమ్ పెట్టే డాంగిల్‌ని చాలామంది మోడెం అనుకోరు. కానీ లినక్స్ కంటికి అది ఫోన్ తీగ మోడెంకు తమ్ముడే. పాత మోడెం 172233 లాంటి నంబరుకు డయల్ చేసేది, డాంగిల్ *99# కి డయల్ చేస్తుంది. రెండింటికీ ఏటీ ఆజ్ఞలే (మోడెంకు చెప్పే ఆదేశాలు), రెండింటి మీదా నడిచేది పీపీపీయే (డయల్ చేసిన లైన్ మీద నెట్ నడిపే పద్ధతి). అందుకే ఈ మార్గదర్శి రెండింటికీ పనికొస్తుంది, తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ఒక్క మినహాయింపు ఉంది. కొత్త 4జీ డాంగిళ్లలో చాలావరకు మోడెంలా కాకుండా నెట్‌వర్క్ కార్డులా కనబడతాయి. హువావేవి అయితే బ్రౌజర్లో 192.168.8.1 అని కొడితే వాటి పేజీ తెరుచుకుంటుంది. మీది ఆ రకమైతే డయల్ చేసే గొడవే లేదు, సెట్టింగులన్నీ ఆ పేజీలోనే ఉంటాయి.

గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది. ఆ ధైర్యంతో ఆజ్ఞలను కూడా నోటితో పలికే తీరులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావలసిన చోట చెబుతాను. నేను రాసేది డెబియన్, ఉబుంటు, మింట్ వాడేవాళ్లకు సరిపోతుంది.

ముందు ఒక నియమం పెట్టుకుందాం. కంప్యూటర్ నుంచి వెబ్ పేజీ దాకా ఏడు మెట్లు ఉన్నాయి: మోడెం కనబడటం, పోర్టు తెరుచుకోవడం, మోడెం జవాబివ్వడం, టవర్ లేదా లైన్ దొరకడం, డయల్ చేసి పాస్‌వర్డ్ దాటడం, ఐపీ (నెట్‌లో మన చిరునామా అంకె) రావడం, ఆ తర్వాత దారి, పేర్లు కుదరడం. కింది మెట్టు "ఉన్నాను" అని చెప్పేదాకా పై మెట్టు మీద చెయ్యి వెయ్యొద్దు. మేనల్లుడు చేసిన తప్పు అదే. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయిన బండికి ఇంజన్ మార్చాడు.

మోడెం కనబడుతోందా

డాంగిల్ తీసేసి టెర్మినల్ తెరవండి. "సూడో డీఎమ్‌ఈఎస్‌జీ మైనస్ డబ్ల్యూ" అని కొట్టి ఎంటర్ నొక్కండి. డీఎమ్‌ఈఎస్‌జీ అంటే డి, ఎమ్, ఇ, ఎస్, జి అక్షరాలు, డబ్ల్యూ చిన్నదే. ఇప్పుడు డాంగిల్ గుచ్చండి. కెర్నెల్ ఏమంటుందో అప్పటికప్పుడు వరుసగా తెర మీదికి వస్తుంది. ఒక్క వరుస కూడా రాకపోతే లినక్స్‌ను నిందించకండి, పోర్టు మార్చండి. డెస్క్‌టాప్‌కు ముందువైపు ఉండే యూఎస్‌బీ పోర్టులకు లోపలి నుంచి సన్నటి వైరు వస్తుంది. డాంగిల్ టవర్‌ను వెతికేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, అక్కడ చాలదు. వెనకవైపు పోర్టులో, హబ్ లేకుండా నేరుగా పెట్టండి.

రావలసిన మాట "టీటీవైయూఎస్‌బీ0", దాని వెంట 1, 2 కూడా రావచ్చు. ఇందులో టీటీవై చిన్న అక్షరాలు, యూఎస్‌బీ పెద్దవి. కొన్ని మోడెంలు "టీటీవైఏసీఎం0" అని వస్తాయి, అదీ మంచిదే. సీరియల్ కేబుల్ పాత మోడెం అయితే "టీటీవైఎస్0", విండోస్ వాళ్లు కామ్1 అనేది అదే.

దానికి బదులు సీడీ డ్రైవ్ ఒకటి కనబడి, డెస్క్‌టాప్ మీద కంపెనీ బొమ్మతో ఐకాన్ వచ్చిందంటే డాంగిల్ ఇంకా సీడీ వేషంలోనే ఉందన్నమాట. విండోస్ సాఫ్ట్‌వేర్ లోపలే దాచి అమ్మేందుకు కంపెనీలు పెట్టిన ఏర్పాటు ఇది. వేషం విప్పించేది "యూఎస్‌బీ-మోడ్‌స్విచ్" అనే ప్యాకేజీ. "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" అని కొట్టి చూస్తే తేడా నంబర్లలోనే తెలుస్తుంది. హువావే డాంగిల్ సీడీ వేషంలో 12డీ1:1446 అని ఉంటే, మోడెంగా మారాక చాలా మోడళ్లలో 12డీ1:1001 అవుతుంది.

నెట్ లేకుండా ప్యాకేజీ ఎలా ఎక్కించాలి అంటారా? మొబైల్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఏ డ్రైవరూ అక్కర్లేకుండా లినక్స్ దాన్ని నెట్‌వర్క్ కార్డులా చూస్తుంది. కావలసినవి ఒక్కసారి దించుకోండి: యూఎస్‌బీ-మోడ్‌స్విచ్, పీపీపీ, మినికామ్ (మోడెంతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం), డబ్ల్యూవీడయల్ (డయల్ చేసే ప్రోగ్రాం).

కంప్యూటర్ లోపల పెట్టే మోడెం కార్డుల గురించి ఒక్క మాట. వాటిలో ఎక్కువ భాగం విన్‌మోడెంలు. మోడెం పని సగం విండోస్ డ్రైవరే చేసి పెట్టాలి, కార్డులో ఉన్నది వట్టి డబ్బా. లినక్స్‌కు కొన్నింటికి డ్రైవర్లు వచ్చాయి. కోనెక్సాంట్ చిప్పులకు ఉచితంగా దొరికిన డ్రైవరు వేగాన్ని 14.4 కిలోబిట్ల దగ్గర ఆపేసేది, పూర్తి వేగం కావాలంటే డబ్బు కట్టాలి. ఇప్పటి కెర్నెళ్ల మీద వాటితో కుస్తీ పట్టడం దండగ. సీరియల్ కేబుల్ ఉన్న బయటి మోడెం ఎక్కడైనా పాత సామాన్లలో దొరికితే అది తెచ్చుకోండి.

పోర్టు తెరుచుకుంటోందా

మోడెం కనబడినా దాన్ని తాకే హక్కు మీకు ఉండాలి. "గ్రూప్స్" అని కొట్టండి. వచ్చిన జాబితాలో "డయల్‌అవుట్" లేకపోతే "సూడో యాడ్‌యూజర్", ఖాళీ, మీ లాగిన్ పేరు, ఖాళీ, "డయల్‌అవుట్" అని కొట్టండి. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లోపలికి రావాలి. ఈ ఒక్క పని మరిచిపోయి "చేశానండీ, అయినా రాలేదు" అని ఫోన్ చేసేవాళ్లు బోలెడుమంది.

రెండో అడ్డంకి మోడెంమేనేజర్, లినక్స్‌లో మోడెంలను తనంతట తానే చూసుకునే ప్రోగ్రాం. మనం చేత్తో డయల్ చేద్దామనుకుంటున్న పోర్టును ఇది వెనకనుంచి పట్టుకుని కూర్చుంటుంది. ఒకే పోర్టు మీద ఇద్దరు పెత్తనం చేస్తే ఎవరి మాటా మోడెంకు అర్థం కాదు. పరీక్ష జరిగినంతసేపూ దాన్ని ఆపండి: "సూడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెంమేనేజర్". మోడెంలో మొదటి ఎమ్, మేనేజర్‌లో మొదటి ఎమ్ పెద్దక్షరాలు. అంతా కుదిరాక రోజూ వాడేది నెట్‌వర్క్ మేనేజర్ ద్వారా అయితే దాన్ని మళ్లీ స్టార్ట్ చేయాలి, అది లేకుండా డెస్క్‌టాప్ మూలన ఉండే మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ గుర్తు పనిచేయదు.

మోడెంతో ముఖాముఖి

"మినికామ్ మైనస్ డీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0". ఇక్కడ డీ పెద్దక్షరం. ఖాళీ తెర వస్తుంది. "ఏటీ" అని కొట్టి ఎంటర్ నొక్కండి. "ఓకే" అని వచ్చిందా? మోడెం బతికే ఉంది. రాకపోతే బయటికొచ్చి టీటీవైయూఎస్‌బీ1, 2 లతో ప్రయత్నించండి. డాంగిళ్లలో రెండు మూడు పోర్టులు ఉంటాయి, అన్నీ ఏటీ భాష మాట్లాడవు. బయటికి రావడానికి కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలి, తర్వాత ఎక్స్ నొక్కాలి.

మీరు కొట్టే అక్షరాలు తెర మీద కనబడకపోతే కంగారు పడొద్దు, "ఏటీఈ1" కొడితే కనబడతాయి. అంతా గందరగోళంగా ఉంటే "ఏటీజెడ్" కొట్టండి, మోడెం తన మొదటి స్థితికి వెళ్తుంది. ఫోన్ తీగ మోడెం అయితే మినికామ్ సెట్టింగుల్లో వేగం 115200 పెట్టండి. మోడెం 56 కిలోబిట్లదే అయినా కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య దారి అంతకంటే వెడల్పుగా ఉండాలి.

టవర్ ఏ రాష్ట్రానిది

సిమ్ డాంగిల్ వాడేవాళ్లు ఇక్కడ కాస్త నిలబడండి. సరిహద్దు ఊళ్ల అసలు కథ ఇక్కడే ఉంది.

మినికామ్‌లోనే నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఏటీ+సీపిన్? అని కొడితే "రెడీ" రావాలి. "సిమ్ పిన్" అని వస్తే సిమ్‌కు తాళం ఉంది. మొబైల్లో పెట్టి ఆ తాళం తీసేయడం తేలిక.

ఏటీ+సీఎస్‌క్యూ అని కొడితే సిగ్నల్ అంకె వస్తుంది, 0 నుంచి 31 దాకా. దాన్ని రెండుతో గుణించి 113 లోంచి తీసేస్తే ఎన్ని మైనస్ డీబీఎమ్‌లో (సిగ్నల్ బలానికి కొలత) తెలుస్తుంది. 10 వస్తే మైనస్ 93. పది లోపు ఉంటే డయల్ అయినా మధ్యలో తెగుతుందని నా అనుభవం. 99 వస్తే అసలు కొలత దొరకలేదని అర్థం.

ఏటీ+సీఓపీఎస్? అని కొడితే ఎవరి నెట్‌వర్క్ మీద ఉన్నారో చెబుతుంది.

నాలుగోది ఏటీ+సీరెగ్?, అంటే సి, ఆర్, ఇ, జి. జవాబులో రెండో అంకె చూడండి. 1 అంటే సొంత నెట్‌వర్క్. 2 అంటే ఇంకా వెతుకుతోంది. 3 అంటే టవర్ గుమ్మంలోనే పొమ్మంది, సిమ్ సంగతి చూసుకోవాలి. 5 అంటే రోమింగ్. డేటా విషయం విడిగా చూడాలంటే ఏటీ+సీజీరెగ్? కొట్టండి, అంకెల అర్థం అదే.

మాస్టారి ముందుగదిలో డాంగిల్ చెప్పిన అంకె 5. ఆయన సిమ్ ఒడిశాది. వంశధార అవతల ఆంధ్రా టవర్ ఆ గది కిటికీకి ఎదురుగా ఉంది. ఒడిశా టవర్ ఇంటి వెనక, గోడల చాటున. ముందురోజు దాకా బల్ల పెరటి గదిలో ఉండేదట. ఇంటికి చుట్టాలొస్తే ముందుగదిలోకి జరిపారు.

"బల్ల జరిపితే నెట్ పోతుందా బాబూ?" అన్నారు మాస్టారు నమ్మలేక.

"బల్లతో పాటు రాష్ట్రం మారిపోయింది మాస్టారూ" అన్నాను.

రోమింగ్ అయితే మాత్రం డేటా రాకూడదా? రావచ్చు, కానీ ఆయన కంప్యూటర్లోని కనెక్షన్లో రోమింగ్ వద్దని ఉంది. నెట్‌వర్క్ మేనేజర్ కనెక్షన్ ఎడిటర్లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ట్యాబ్ తెరిస్తే, సొంత నెట్‌వర్క్ లేనప్పుడు రోమింగ్‌ను అనుమతించాలా అన్న గడి ఉంటుంది. అక్కడ టిక్ తీసేసి ఉంటే తెర మీద కారణం కూడా చెప్పకుండా కనెక్షన్ ఊరికే తిరుగుతూ ఉండిపోతుంది. టిక్ పెట్టాం, వచ్చింది.

అయినా నేను అక్కడితో ఆగలేదు. అటూ ఇటూ ఊగే డాంగిల్ గంటకోసారి టవర్ మారి తెగుతుంది. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి, డాంగిల్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాం. మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని సీఎస్‌క్యూ కొట్టి అంకె గట్టిగా చదువుతున్నారు. ముందుగదిలో 8, వసారాలో 11, పెరటి కిటికీ ఊచ దగ్గర 19, అదీ సొంత టవర్ మీద. డాంగిల్‌ను ఆ ఊచకే దారంతో కట్టేశాం. కేబుల్ అయిదు మీటర్లు దాటొద్దు, యూఎస్‌బీ 2.0 హద్దు అంతే.

ఒకే నెట్‌వర్క్ మీద కట్టిపడేయాలంటే ఇంకో దారి ఉంది. ఏటీ+సీఓపీఎస్=1,2, తర్వాత కోట్స్‌లో నెట్‌వర్క్ అంకె. బీఎస్‌ఎన్‌ఎల్‌కు ఒడిశాలో 40476, ఆంధ్రాలో 40473. మళ్లీ మామూలుగా వదిలేయాలంటే ఏటీ+సీఓపీఎస్=0. వానల్లో ఆ ఒక్క టవర్ పడిపోతే పక్క టవర్ ఎదురుగా ఉన్నా డాంగిల్ ముట్టుకోదు, అందుకని ఇది నేను అరుదుగానే చేస్తాను.

సిమ్ ఏ కంపెనీదో కూడా చూసుకోండి. జియోకు మొదట్నించీ 2జీ, 3జీ లేవు, కాబట్టి 3జీ డాంగిల్లో జియో సిమ్ పెట్టి ఎదురుచూడటం వృథా. ఎయిర్‌టెల్ 2020 నాటికే 3జీ మూసేసింది. దాని సిమ్ పెడితే పాత డాంగిల్ 2జీ మీదికి జారుతుంది, కాగితం మీద 236 కిలోబిట్లు, చేతికి అందేది అందులో కొంతే. చాలా హువావే డాంగిళ్లలో ఆకుపచ్చ దీపం 2జీకి, నీలం 3జీకి గుర్తు. మినుకుమంటుంటే టవర్ దొరికిందిగానీ డేటా మొదలవలేదు, నిలకడగా వెలిగితే డేటా నడుస్తోంది.

ఫోన్ తీగ మోడెం: ముందు చెవి, తర్వాత కీబోర్డు

తీగ మీద డయల్ చేసేవాళ్లకు స్పీకరే పెద్ద డాక్టరు. దాన్ని మూసేయొద్దు. "ఏటీఎమ్1" కొట్టి, మినికామ్ నుంచే "ఏటీడీటీ" తర్వాత నంబరు కొట్టి వినండి. రావలసిన వరుస ఇది: డయల్ టోన్, టకటకమని అంకెలు, ఒకటి రెండు రింగులు, అవతలి మోడెం ఈల, ఆ తర్వాత ఇసక రాలినట్టు గరగర, నిశ్శబ్దం, తెర మీద "కనెక్ట్".

డయల్ టోన్ మీ చెవికి వినబడుతున్నా మోడెం "నో డయల్‌టోన్" అంటే అది చెవిటిదేం కాదు, పరాయి దేశంలో పెరిగింది. మన ఎక్స్చేంజీల డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ ఊపు. అమెరికాలో 350, 440 కలిపి వస్తాయి. అక్కడి అలవాటుతో వచ్చిన మోడెంకు మన టోన్ టోన్‌లా అనిపించదు. "ఏటీఎక్స్3" కొడితే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. ఆ ఆజ్ఞ తెలిసిన మోడెం అయితే ఏటీ+జీసీఐ=53 కొట్టి ఇది భారతదేశమని చెప్పొచ్చు. వాయిస్ మెయిల్ ఉన్న లైన్లో టోన్ విరిగి విరిగి వచ్చినా ఇదే తంటా, దానికీ ఎక్స్3 యే మందు.

అంకెలు పోయాక కూడా డయల్ టోన్ ఆగకపోతే ఎక్స్చేంజీ టోన్ డయలింగ్ తీసుకోవట్లేదు, ఏటీడీటీకి బదులు ఏటీడీపీ వాడండి. ఆఫీసు లైన్ మీద సున్నా కొట్టి బయటికి పోవాలంటే సున్నా తర్వాత ఒక కామా పెట్టండి, అక్కడ రెండు సెకన్లు ఆగుతుంది. "బిజీ" అంటే బిజీయే, అయిదు నిమిషాలాగి చూడండి.

ఈల, గరగర అన్నీ వచ్చి చివర్లో "నో క్యారియర్" అంటే లైన్ శుభ్రంగా లేదు. ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కి టోన్ పోయాక వినండి. చిటపటలు వినబడితే వైరు సంగతి చూసుకోవాలి. ఒకే లైన్ మీద మూడు గదుల్లో మూడు ఫోన్లు పెట్టిన ఇళ్లలో ముందు అవన్నీ పీకేసి, మోడెం ఒక్కటే ఉంచి చూడండి. తప్పు మీ ఇంట్లోదో వీధిలోదో అప్పుడు తేలుతుంది. లైన్ అలాగే ఉంటే వేగం తగ్గించుకోవడమే: కోనెక్సాంట్ తరహా చిప్పుల్లో ఏటీ+ఎంఎస్=వీ34 కొడితే 56 కోసం ఆరాటపడకుండా 33.6 లోపు కుదురుగా కూర్చుంటుంది. కాల్ వెయిటింగ్ బీప్‌కు తెగిపోతుంటే ఏటీఎస్10=50 పెట్టండి. క్యారియర్ అయిదు సెకన్లు మాయమైనా ఫోన్ పెట్టేయదు.

డయల్ చేయించడం

కింది నాలుగు మెట్లూ సరిగ్గా ఉంటే ఇక డబ్ల్యూవీడయల్. /ఈటీసీ ఫోల్డర్లో డబ్ల్యూవీడయల్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ తెరిచి, మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య "డయలర్ డిఫాల్ట్స్" అని పెట్టి, కింద ఇవి రాయండి. ఎడమవైపు మాటల్లో మొదటి అక్షరాలు పెద్దవి.

మోడెం = /డెవ్/టీటీవైయూఎస్‌బీ0
బాడ్ = 460800
ఇనిట్1 = ఏటీజెడ్
ఇనిట్2 = ఏటీ+సీజీడీకాంట్=1,"ఐపీ","బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్"
ఫోన్ = *99#
యూజర్‌నేమ్ = ఏబీసీ
పాస్‌వర్డ్ = ఏబీసీ
స్టుపిడ్ మోడ్ = 1

ఇనిట్2 లో చివరి మాట ఏపీఎన్, అంటే ఆ కంపెనీ నెట్‌లోకి వెళ్లే గుమ్మం పేరు. ఎయిర్‌టెల్‌కు "ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్". అది తప్పయితే టవర్ ఎంత బాగున్నా డయల్ చేయగానే "నో క్యారియర్" అంటుంది. డేటా ప్యాక్ అయిపోయినా అదే మాట రావచ్చు, ముందు బ్యాలెన్స్ చూసుకోండి.

డాంగిల్‌కు యూజర్‌నేమ్ అక్కర్లేదు, కానీ ఖాళీగా వదిలితే డబ్ల్యూవీడయల్ ఒప్పుకోదు. అందుకే ఏదో ఒకటి రాస్తాం. స్టుపిడ్ మోడ్ పేరు చూసి నవ్వొచ్చినా పని మంచిదే: అవతలివాళ్లు లాగిన్ అడుగుతారేమోనని కూర్చోకుండా కనెక్ట్ కాగానే పీపీపీ మొదలుపెడుతుంది. ఫోన్ తీగ మోడెంకు ఇనిట్2 వరుస తీసేసి, బాడ్ 115200, ఫోన్‌లో మీ సర్వీసు నంబరు, అసలైన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయాలి.

ఇప్పుడు "సూడో డబ్ల్యూవీడయల్". ఆపడానికి కంట్రోల్ సీ.

లాగ్ ఏమంటోంది

ఇక్కడ నూటికి తొంభై మంది చేసేది ఒక్కటే: రాలేదని చూసి సెట్టింగ్ ఒకటి మార్చి మళ్లీ డయల్ చేయడం. దాని బదులు రెండో టెర్మినల్ తెరిచి "సూడో జర్నల్‌సీటీఎల్ మైనస్ ఎఫ్" కొట్టి పక్కన ఉంచుకోండి. /ఈటీసీ/పీపీపీ/ఆప్షన్స్ ఫైల్లో "డీబగ్" అని ఒక వరుస కలిపితే పీపీపీడీ (పీపీపీని నడిపే ప్రోగ్రాం) ప్రతి మాటా లాగ్‌లో రాస్తుంది.

"సెంట్" అని మొదలయ్యే ఎల్‌సీపీ (పీపీపీలో తొలి పలకరింపు) వరుస ఒక్కటే పదిసార్లు వచ్చి, "ఆర్‌సీవీడీ" అన్నది ఒక్కటీ రాకపోతే అవతల పీపీపీ మాట్లాడేవాడు లేడు. తీగ మోడెం అయితే అవతలి సర్వర్ అక్షరాల్లో లాగిన్ అడుగుతూ ఉండొచ్చు. స్టుపిడ్ మోడ్ తీసేసి చూడండి.

ఎల్‌సీపీ దాటి పాప్ లేదా చాప్ (పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతులు) దగ్గర ఫెయిల్ అంటే తప్పు పాస్‌వర్డ్‌లో ఉంది. ఇక్కడ ఒక పీడ ఉంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన ఫైల్లో వరుస చివర కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, అది పాస్‌వర్డ్‌కు అతుక్కుపోతుంది. కాపీ చేయకుండా లినక్స్‌లోనే చేత్తో కొట్టండి.

పీపీపీడీ చచ్చిపోతూ ఒక ఎగ్జిట్ అంకె వదిలిపోతుంది. ఆ అంకె నాకు మనిషి చేయి పట్టుకుని చూపించినట్టు ఉంటుంది. 6 అంటే పోర్టుకు తాళం పడింది, ఇంకెవరో వాడుతున్నారు. 7 అంటే పోర్టు తెరవలేకపోయింది, రెండో మెట్టుకు వెళ్లండి. 8 అంటే డయల్ చేసే స్క్రిప్టే విఫలమైంది. 10 అంటే మాటలు కలవలేదు. 15 అంటే అవతలి వైపు పలకడం మానేసింది. 16 అంటే మోడెం ఫోన్ పెట్టేసింది, సిగ్నల్ లేదా లైన్ చూడండి. 19 అంటే పాస్‌వర్డ్.

డాంగిల్ వాడేవాళ్లకు 15 తరచూ వస్తుంటే ఆప్షన్స్ ఫైల్లో "ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వల్ 0" పెట్టండి. బతికున్నావా అని అడగడం మానేస్తుంది. కొన్ని డాంగిళ్లు ఆ ప్రశ్నకు జవాబే ఇవ్వవు.

"రిమోట్ ఐపీ తెలియలేదు, 10.64.64.64 అనుకుంటున్నాను" అన్న వరుస చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు. అది తప్పు కాదు. అవతలివైపు తన ఐపీ చెప్పకపోతే పీపీపీడీ ఉత్తుత్తి అంకె ఒకటి పెట్టుకుంటుంది, పని జరిగిపోతుంది.

కనెక్ట్ అయింది, పేజీ రాదు

"పింగ్ 8.8.8.8" కొట్టండి. జవాబు వస్తుంటే లైన్ బాగుంది, పోయింది పేర్లే, అంటే సైటు పేరును ఐపీ అంకెగా మార్చే డీఎన్‌ఎస్. రాకపోతే దారి.

దారి చూడటానికి "ఐపీ రూట్". డిఫాల్ట్ అన్న వరుస చివర పీపీపీ0 ఉండాలి. ఈథర్నెట్ కేబుల్ గానీ వైఫై గానీ ముందే డిఫాల్ట్‌ను పట్టుకుని ఉంటే, ఉన్న దారిని మార్చనని పీపీపీడీ లాగ్‌లో చెప్పి ఊరుకుంటుంది. ఆ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, మళ్లీ డయల్ చేయండి.

పేర్లయితే /ఈటీసీ/రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో నేమ్‌సర్వర్ ఎవరో చూడండి. ఆప్షన్స్ ఫైల్లో "యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్" అని ఉంటే డీఎన్‌ఎస్ అవతలివాళ్లనుంచే వస్తుంది. డాంగిళ్లలో ఒక పాత జబ్బు ఉంది: టవర్ ఇంకా పూర్తిగా జవాబివ్వకముందే తొందరపడి 10.11.12.13, 10.11.12.14 అనే దొంగ అంకెలు ఇచ్చేస్తాయి. ఆ రెండూ కనబడితే డిస్కనెక్ట్ చేసి పది సెకన్లాగి మళ్లీ డయల్ చేయండి, అసలువి వస్తాయి. రోజూ ఇదే వరసైతే నేమ్‌సర్వర్‌గా 8.8.8.8 చేత్తో పెట్టుకోండి.

చిన్న పేజీలు తెరుచుకుని బ్యాంకు పేజీ, స్కాలర్‌షిప్ పేజీ సగంలో ఆగిపోతుంటే ఆప్షన్స్‌లో "ఎమ్‌టీయూ 1400" (ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దు) పెట్టి చూడండి.

నత్తనడక, పిడుగు

అన్నీ కుదిరాక కూడా నెట్ నత్తలా ఉంటే ఎక్కువసార్లు దోషి లినక్స్ అప్‌డేటే. తీగ మోడెం సెకనుకు 5 కిలోబైట్లు దించుతుందనుకుంటే 30 మెగాబైట్ల అప్‌డేట్‌కు గంటా నలభై నిమిషాలు పడుతుంది, ఈలోపు మీ పేజీ క్యూలో నిలబడుతుంది. "నెట్‌హాగ్స్" అనే చిన్న ప్రోగ్రాం ఎవరు తింటున్నారో చూపిస్తుంది. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్‌ను చేత్తో నడిపేలా మార్చండి. ఉబుంటులో "సూడో స్నాప్ రిఫ్రెష్ మైనస్ మైనస్ హోల్డ్". పేజీల్లో బొమ్మలు రాకుండా బ్రౌజర్లో ఆపేస్తే ఫారం నింపే పని సగం సమయంలో అయిపోతుంది.

ఇక మా వైపు మోడెంలను తినేది సెట్టింగులు కాదు, పిడుగులు. మహేంద్రగిరి మీద మబ్బు కమ్మితే ముందు ఫోన్ తీగను గోడ నుంచి పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. పిడుగు కరెంటు వైరు కంటే ఫోన్ వైరు మీదుగానే మోడెంలోకి దూరిన కేసులు నేను ఎక్కువ చూశాను. ఒకసారి విప్పి చూస్తే ఫోన్ జాక్ వెనక చిన్న భాగాలు రెండు బొగ్గులా మాడి, పక్కన ప్లాస్టిక్ ఉబ్బి ఉంది. విచిత్రమేమిటంటే ఆ మోడెం దీపాలన్నీ వెలిగాయి, ఏటీ కొడితే "ఓకే" కూడా అంది. డయల్ చేయమంటేనే "నో డయల్‌టోన్". ఎక్స్3 పెట్టినా స్పీకర్లో నిశ్శబ్దం. వేరే ఫోన్ పెట్టి చూస్తే లైన్లో టోన్ ఉంది. ఈ మూడూ కలిసి కనబడితే ఇంకేం వెతక్కండి, మోడెం మార్చండి.

మాస్టారి డాంగిల్ ఇంకా ఆ కిటికీ ఊచకే ఉంది. వాన జల్లు కొట్టకుండా దాని మీద పాల ప్యాకెట్ కవరు తొడిగి, అడుగున గాలికి రెండు చిల్లులు పెట్టారు.